అచ్చులో లేని మాట

క్వార్టర్ల లైన్లో ఉన్న మా ఇంట్లో కథల పుస్తకం ఒక్కటి కూడా ఉండేది కాదు. బాపు, అంటే మా నాన్న, రానిచ్చేవాడు కాదు. "కథలు మన లైన్ల సరిపోను ఉన్నయ్. నల్లా కాడ నిలవడితే రోజుకు నాలుగు దొరుకుతయ్. మల్ల వాటికి పుస్తకాలెందుకు?" అనేవాడు. ఆయనకు కావలసింది ఉన్నది ఉన్నట్టు చెప్పే పుస్తకం. వాన ఎట్లా పుడుతుంది, పాము చెవుల్లేకుండా ఎట్లా వింటుంది, మోటారు ఎందుకు కాలిపోతుంది, తేనెటీగకు దారి ఎవరు చెబుతారు, ఇలాంటివి రాసిన పుస్తకం గోదావరిఖని చౌరస్తాలో పాత పుస్తకాల బండి మీద కనబడితే చాలు, అమ్మ తెమ్మన్న కూరగాయలు మరిచిపోయి దాన్ని చంకలో పెట్టుకొని వచ్చేవాడు. నక్షత్రాల పుస్తకం తెచ్చిన రోజు అమ్మ, "మంచిది, ఇయ్యాల చుక్కకూర తెచ్చిండనుకోని తినుండ్రి" అని ఉత్త పప్పు వడ్డించింది. బాపు ఆ పప్పు తింటూనే చుక్కల మధ్య దూరాలు చదివాడు.

బాపు బొగ్గు బాయిలో కార్మికుడు. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. తట్టా చెమ్మసూ పట్టుకొని, అంటే గంపా పారా పట్టుకొని, టబ్బుల్లోకి బొగ్గు నింపే పని. చిన్నప్పుడు చదువు అబ్బలేదు. పెళ్లయి, నేను పుట్టాక, కాలనీలో పెద్దవాళ్ల కోసం నడిపిన రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. అందుకే వేలు పెట్టి చదివేవాడు. ఎంత తోమినా గోరు చుట్టూ నల్లగీత పోని ఆ చూపుడు వేలు ఒక్కో అక్షరం కింద నడిచేది. వేలు చేరని అక్షరాన్ని నోరు పలికేది కాదు. నేనేమో బడిలో గడగడా చదివి శభాష్ అనిపించుకునేదాన్ని. నాకు ఆయన చదువు నత్త నడక అనిపించేది, ఆ మాట మొహం మీదే అనేదాన్ని కూడా.

ఆయన అన్నం తింటుంటే నేను చదివి వినిపించాలి, అది మా ఇంటి అలవాటు. ఒకసారి తిమింగలాల గురించి చదువుతూ, రాసింది చప్పగా ఉందని, పిల్ల తప్పిపోతే తల్లి తిమింగలం నెల రోజులు ఏడుస్తుందని సొంతంగా కలిపాను. బాపు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు.

"గది పుస్తకంల ఉన్నదా?"

నేను తల దించుకున్నాను.

"ఏడుస్తదో ఏడ్వదో రాసినాయనకే తెల్వదు. నీకెట్ల తెలుసు? తెల్వకపోతే తెల్వదనాలె. నీ సొంత మసాలా కలపకు బిడ్డా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. పుస్తకంలో పెన్సిల్ గీత గీసినా ఊరుకునేవాడు కాదు. పుస్తకం రాసినవాడిది, మనం చదువుకొని ఇచ్చేవాళ్లమే అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మా ముందు గదిలో పుస్తకాలు రెండు అరలు నిండాయి. లైన్లోని క్వార్టర్ల వాళ్లు అడిగి తీసుకుపోవడం మొదలుపెట్టారు. వానాకాలం పాము కనిపిస్తే కర్ర కంటే ముందు మా పాముల పుస్తకం కోసం పరుగెత్తుకొచ్చేవాళ్లు. అది కట్లపామా కాదా అని మేం పేజీలు తిరగేసే లోపల పాము తన దారిన తాను పోయేది. పుస్తకాలు పోతున్నాయి గానీ తిరిగి రావడం లేదు. అడగడానికి బాపుకు మొహమాటం. ఆలోచించి ఆలోచించి తనకు తెలిసిన పద్ధతే పెట్టాడు.

బాయి దిగే ముందు ల్యాంపు రూములో టోపీ దీపం ఇస్తారు. దీపం తీసుకున్న మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడి మేకుకు తగిలించి దిగుతాడు. పైకొచ్చి దీపం అప్పగించి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగిపోయాక కూడా ఏ మేకుకైనా బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. బాపు ఒక చెక్క పలకకు వరసగా మేకులు కొట్టి, ఒక్కో మేకు కింద ఒక్కో పుస్తకం నంబరు రాశాడు. పక్క క్వార్టర్‌లో మోటార్లు బాగుచేసే భాయ్ ఉండేవాడు. ఆయన రేకు డబ్బాల మూతలు కత్తిరించి, ఇంటింటి నంబరు గుచ్చి బిళ్లలు చేసిపెట్టాడు. పుస్తకం తీసుకున్న ఇంటివాళ్లు ఆ పుస్తకం మేకుకు తమ బిళ్ల తగిలించి పోవాలి. మొదటి బిళ్ల భాయ్‌దే. మోటార్ల పుస్తకానికి తగిలించాడు.

నాలుగో రోజు అవ్వ వచ్చింది. ఎదురు క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉండే పెద్దామె. లైన్ మొత్తం ఆమెను అవ్వ అనే పిలిచేది, బాపుతో సహా. కల్యామాకు, అదే కరివేపాకు, కోసమని వచ్చి, పలక వైపు చూసి ఆగిపోయింది.

"గది ఎవల్ది?"

"భాయ్‌ది అవ్వా."

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు రోజులు."

ఆమె గడప మీద కూలబడింది. కొంతసేపటికి లేచి, కల్యామాకు మాట మరిచి, నేరుగా భాయ్ ఇంటికి పోయింది. పుస్తకం గుంజుకొచ్చి నా చేతిలో పెట్టి, బిళ్లను తనే మేకు నుంచి తీసింది. వెనకాలే భాయ్, చేతులకు గ్రీజుతో. "అవ్వా, మోటరు విప్పి పెట్టిన. కితాబు గుంజుకొస్తే ఏ వైరు యాడ పెట్టాల్నో నాకెట్ల తెలుస్తది?" అని మొత్తుకున్నాడు. నేను పొట్ట పట్టుకొని నవ్వాను. ఆమె పోయాక అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టి, అప్పుడు చెప్పింది.

నేను పుట్టకముందు మాట. అవ్వ పెనిమిటి రెండో షిఫ్టుకు పోయాడు. లోపల పైకప్పు కూలి దారి మూసుకుపోయింది. మిగతావాళ్లు బయటపడ్డారు. ల్యాంపు రూములో ఒక్క మేకుకు ఒక్క బిళ్ల మిగిలింది. అవ్వ చంకలో పిల్లవాడితో రెండు రోజులు ఆ బిళ్లను చూస్తూ నిలబడిందట. మూడో రోజు ప్రాణం లేని మనిషిని పైకి తీసుకొచ్చారు. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదట.

నేను మళ్లీ నవ్వలేదు. డ్యూటీ నుంచి వచ్చాక బాపుకు చెబితే, ఆయన తలపట్టుకున్నాడు. పలక తీసేస్తానని అవ్వ దగ్గరికి పోయాడు. ఆమె ఒప్పుకోలేదు. "పుస్తకాల బిళ్లలని నాకెరుకే. తీసుడెందుకు? గాని ఏలాడుతుంటే కన్ను ఊకుంటలేదు" అంది.

"అయితే ఆటిని పైకి తెచ్చే పని నువ్వే చూడు అవ్వా" అన్నాడు బాపు.

అట్లా అక్షరం ముక్క రాని అవ్వ మా పుస్తకాలకు పెద్ద అయింది. వారం దాటిందంటే ఆ ఇంటి ముందు నిలబడేది. "ఇంక పైకి రాకపోతివేంది?" అని అడిగేది. అవ్వకు భయపడి మా లైన్లో జనం జల్ది జల్ది చదివారు. పదో తరగతి తప్పిన వాళ్లు కూడా తేనెటీగల మీద పరీక్ష పెడితే పాసయ్యేవాళ్లు.

తర్వాతి ఎండాకాలం బాపు ఒక కొత్త పుస్తకం తెచ్చాడు, భూమి లోపల ఏముంటుందో చెప్పేది. ఆయన మొదటి షిఫ్టుకు పోయిన ఒక పగలు నేను దానికి అట్ట వేస్తుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"గిది దేని ముచ్చట?"

"భూమి లోపటి ముచ్చట అవ్వా. బాయి గురించి సుత ఉన్నది."

ఆమె చేతిలోని చీపురు పక్కన పెట్టింది. "సదువు" అంది.

పొరల గురించి చదివాను. బొగ్గు ఒకప్పుడు అడవి అని చదివాను. "చెట్లేనా?" అని పొయ్యి పక్క బొగ్గుగంప లోంచి ఒక పెళ్ల తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆడవాళ్లను లోపలికి దిగనివ్వరు. పెనిమిటిని మింగిన చోటు, కొడుకును రోజూ మింగి కక్కుతున్న చోటు ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. కప్పుకు ఆనించే దుంగల గురించి, దీపాల గురించి, గాలి గురించి చదువుతుంటే కదలకుండా వింది. ఒక పేజీలో ఇట్లా ఉంది: మూసుకుపోయిన చోట మంచి గాలి తగ్గిపోతుంది, మంట దీపం ఆరిపోతుంది, అలాంటి చోట మనుషులు ఉండరాదు. ఆ పైన కొత్త అధ్యాయం.

"గంతేనా?" అంది అవ్వ. "దీపం సంగతి రాసిండు. మనిషి సంగతేం రాయలేదా?"

నేను పేజీ తిప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"దెబ్బ లేదన్నరు బిడ్డా. దెబ్బ లేదంటే కొంచెంసేపు పానముతోనే ఉన్నడు గదా. నేను పైన నిలవడి ఉన్న. ఆయన లోపట పిలిచిండా? నా పేరు పెట్టి పిలిచి పిలిచి పోయిండా? గదొక్కటి తెలిస్తే సాలు నాకు. ఎవల్నడిగినా మాట దాటేస్తరు. పుస్తకమైతే దాటెయ్యది గదా."

ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క ప్రశ్నతో ఆమె నిద్ర లేకుండా ఉంది. నాకు పన్నెండేళ్లు. నేను చేసింది ఒక్కటే. "ఉన్నదవ్వా, కింద ఉన్నది" అన్నాను. "మంచి గాలి తగ్గిపోతే మనిషికి నిద్ర వస్తుంది. నొప్పి తెలియదు. ఎవరినీ పిలవాలనిపించదు."

"మల్లోపారి సదువు."

మళ్లీ చెప్పాను. రెండోసారి నిద్ర అనే మాటకు ముందు మెల్లగా అని ఒకటి ఎక్కువ పడింది. అవ్వ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చీపురు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. బాపు మొహం చూడాలంటే భయం. తిమింగలం ఏడుపుకే అంత మాటన్న మనిషి. పైగా ఇది పుస్తకం పేరు చెప్పి ఒక ముసలామెకు ఆడిన అబద్ధం. ఎవరైనా ఆమెకు నిజం చెబితే అవ్వ గుండె రెండోసారి పగులుతుందని, దానికి కారణం నేనవుతానని ఏడ్చాను.

ఆదివారం బాపు ఇంట్లో ఉండగా అవ్వ వచ్చింది. నేరుగా అర దగ్గరికి పోయి, అట్ట రంగు గుర్తుపట్టి ఆ పుస్తకమే తీసి బాపు ఒళ్లో పెట్టింది.

"పిల్ల మొన్న సదివింది. పిల్లది గడగడ సదువు, నాకు నిలువలేదు. నువ్వు మెల్లగ సదువు. మూసుకపోయిన కాడ మనిషికి నిద్రొస్తదని, పిలువ బుద్ధి గాదని ఉన్నదట. గది సదువు."

బాపు నా వైపు చూశాడు. నేను వంటింటి దర్వాజ పట్టుకొని నిలబడ్డాను. ఆయనకు ఆ పుస్తకం మొత్తం తెలుసు, రెండుసార్లు చదివాడు. పేజీ తీశాడు. అవ్వ ఆయన పక్కనే చాప మీద కూర్చొని పుస్తకం మీదికి వంగింది. బాపు మొదలుపెట్టాడు. మూసుకుపోయిన చోట. మంచి గాలి. మంట దీపం. ఒక్కో అక్షరం, ఎప్పటి చదువే. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. మనుషులు ఉండరాదు అనే చోటికి వచ్చాడు. ఇక్కడ ఆగుతాడు, ఆగి తెల్వదంటాడు అనుకున్నాను.

"మనిషికి నిద్ర వస్తుంది" అని చదివాడు బాపు. గొంతు మారలేదు. "నొప్పి తెలియదు. ఎవరినీ పిలవాలనిపించదు."

కొంచెం ఆగి ఇంకొకటి చదివాడు. "ఇంటివాళ్లు మనసులో మెదులుతుండగానే నిద్రలోకి పోతారు."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచిగ సదివినవ్ కొడుకా" అని లేచి పోయింది.

ఆమె అటు పోగానే నేను దెబ్బలకు సిద్ధపడ్డాను. బాపు పుస్తకం మూయలేదు. చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉన్నాడు.

"నిజంగ గట్లనే ఉంటదా బాపు?" అని నేనే అడిగాను.

"తెల్వది బిడ్డా. నేనప్పుడు ఆ బాయిల లేను. అసలైతే తెల్వదనే చెప్పాలె." అప్పుడు పుస్తకం మూశాడు. "పో, బువ్వ తిను. నాలుగు దినాల సంది తింటలేవని మీ అమ్మ ఫికర్ చేస్తాంది" అన్నాడు.

మరునాడు నేను ఆ పేజీ తీసి చూస్తే, అడుగున ఖాళీ జాగాలో పెన్సిల్‌తో ఆ వాక్యాలన్నీ రాసి ఉన్నాయి. రాత్రిబడిలో నేర్చిన పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. రేపు అవ్వ ఇంకెవరితోనైనా చదివిస్తే అక్కడ ఉండాలి కదా, అందుకు. కానీ ఆయన ఆయనే. దాని కిందే ఇంకా చిన్నగా, ఇది అచ్చులో లేదు, నేను రాసింది అని కూడా రాశాడు. అది చూసి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నత్త నడక అని మా బాపును మళ్లీ ఎప్పుడూ వెక్కిరించలేదు.

అవ్వ ఆ పేజీ మళ్లీ ఎవరినీ అడగలేదు. ఏళ్లు గడిచాయి. నేను డిగ్రీకి కరీంనగర్ పోయాను. తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ పెట్టిన రోజుల్లో ఇంటికొస్తే, మా పలక మీద ఒక్క మేకు ఖాళీ లేదు. మగవాళ్లంతా ఇళ్లల్లోనే, అందరి చేతుల్లో పుస్తకాలు. భాయ్ పక్షుల పుస్తకం దాకా వచ్చేశాడు. అవ్వ ఆ నిండు పలక ముందు కూర్చొని పల్లీలు ఒలుస్తోంది. ఎవరింటికీ పోవడం లేదు.

"ఏందవ్వా, ఇన్ని బిళ్లలు ఏలాడుతున్నయ్. తేవా?" అని ఏడిపించాను.

"సదువుకోనియ్యి. అందరు పైననే ఉన్నరు గదా" అంది.

రాష్ట్రం వచ్చిన ఏడాదే బాపు రిటైర్ అయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మంచిర్యాలలో చిన్న ఇల్లు చూసుకున్నాం. సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్న పొద్దున అవ్వ వచ్చింది. నడుం వంగిపోయింది. బొడ్డు సంచి లోంచి ఏదో తీసి బాపు చేతిలో పెట్టింది. రేకు బిళ్ల కాదు. అసలైన ఇత్తడి బిళ్ల, అంచులు అరిగి, నంబరు సగం చెరిగిపోయి ఉంది. ఆనాడు ల్యాంపు రూము మేకుకు మిగిలింది. బతిమాలి తెచ్చుకుందట.

"ఇన్నేండ్లు మీ పుస్తకాలు మోసిన. ఒక్కటి తీసుకోలే. గా భూమి పుస్తకం ఇయ్యి. గిది తగిలియ్యి."

"పుస్తకం ఊరికెనే తీస్కోరాదు అవ్వా. ఇదెందుకు?" అన్నాడు బాపు.

"పద్ధతి పద్ధతే. తగిలియ్యి. ఏలాడితే ఏలాడనియ్యి, నాకిప్పుడు ఫికర్ లేదు."

పలక అప్పటికే తాళ్లతో కట్టేశాం. బాపు ఆ ముడులు విప్పి, ఆ పుస్తకం మేకుకు బిళ్ల తగిలించి, మళ్లీ కట్టాడు. పుస్తకాన్ని నేనే అవ్వ ఇంటిదాకా పట్టుకుపోయాను. ఆమె గుమ్మంలో నిలబడి అన్నాను.

"అవ్వా, నీకొకటి చెప్పాలె. ఆ పేజీల..."

"పుస్తకంల లేదు" అంది అవ్వ.

ఆమె నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

"ఎప్పటి సంది ఎరుక?" అన్నాను.

"గా ఆదివారం సందే. మీ బాపు ఏలు పెట్టి సదువుతడు గదా. అక్షరాలు నాకు రావు గాని ఏలు కనవడ్తది. దీపం కాడిదాక నడిచింది. నిద్ర కాడ ఏలు నిలవడ్డది, నోరు నడిచింది."

"మరి అప్పుడే ఎందుకడుగలే?"

అవ్వ పుస్తకం అట్టను అరచేత్తో తుడిచింది. "పెన్సిల్ గీత గీస్తె ఓర్వడు మీ బాపు. అబద్ధం సదువుడు ఆయన జన్మల ఉన్నదా? నాకోసం సదివిండు. పన్నెండేండ్ల పిల్ల, నువ్వు చెప్పినవ్. ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఆడ నిలవడి ఉన్న అనుకున్న. ఆనాడు మీరిద్దరు నాతోని వచ్చి నిలవడ్డరు. గా రాత్రే నిద్ర వట్టింది నాకు" అంది.

నేను ఆమెను వాటేసుకున్నాను. ఆమె ఒంటికి పల్లీల వాసన, బొగ్గుపొయ్యి వాసన. ట్రాలీ హారన్ మోగేదాకా వదల్లేదు.

బాపు సామాను మధ్యలో, పలకను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. గోదావరి వంతెన మీదికి వచ్చాక అవ్వకు అంతా తెలుసని, ఎట్లా తెలిసిందో కూడా చెప్పాను. ఆయన నీళ్ల వైపు చూస్తూ వంతెన అంతా దాటాడు. తర్వాత కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి, గోరు చుట్టూ ఉన్న నల్లగీతను ఒకసారి చూసుకున్నాడు.

"కదపాల్సి ఉండె" అన్నాడు.